చూపించిన వీడియోను దాచుకోవడం తప్పా?

కిందటి మాఘమాసంలో విజయవాడలో మా మేనకోడలి పెళ్ళి జరిగింది. శుభలేఖతో పాటు లైవ్ లింకు కూడా పంపడం ఇప్పుడు ఆనవాయితీ అయింది కాబట్టి, మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలలేని మా మేనత్త తెనాలిలో తన మంచం మీద కూర్చునే ఫోనులో పెళ్ళి చూసింది. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకు బొమ్మ ఆగిపోయి చక్రం తిరగడం మొదలైందట. మళ్ళీ బొమ్మ కదిలేసరికి తలంబ్రాలు కూడా అయిపోయి, పిల్ల నెత్తిన బియ్యం దులుపుకుంటూ కనిపించింది. మర్నాడు నాకు ఫోను చేసి, "ఒరేయ్, ఆ వీడియో ఏదో పెన్‌డ్రైవ్‌లో వేసి పంపించు, టీవీలో పెట్టుకుని తీరిగ్గా చూస్తాను" అంది. స్టూడియో వాళ్ళు ఆ లింకు నెల రోజులే ఉంటుందని ముందే చెప్పారు, ఆల్బమ్ రావడానికి మూడు నెలలు పడుతుందని కూడా చెప్పారు. సరే, నేనే దించి పంపిస్తానన్నాను.

పక్కనే ఉండి ఈ మాటలు విన్న మా మేనల్లుడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు, ఒక ప్రశ్న వేశాడు. "మామయ్యా, వాళ్ళు డౌన్‌లోడ్ బటన్ ఇవ్వలేదంటే వద్దనే కదా అర్థం? లేని బటన్ మీరు తయారు చేసుకుంటే అది దొంగతనం కాదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అప్పటికి ఏదో జవాబు చెప్పి తప్పించుకున్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు కాబట్టి ఇప్పుడు ఇంత పొడుగున రాస్తున్నాను. తాళం వేయకుండా నాకు చూపించిన వీడియోను నా ఇంట్లో దాచుకునే హక్కు నాకు ఉందని నేను నమ్ముతున్నాను. అయితే ఆ హక్కు నా గుమ్మం దాకానే. ఈ రెండో సగం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఖాళీ పెట్టె

నాకు ఈ పట్టుదల రావడానికి కారణం మా బాబాయి. ఆయన మృదంగం వాయించేవారు. పక్కవాద్యగాడి బతుకంతా ఫోటోలో సగం భుజంగా గడిచిపోతుంది. గుంటూరులో, విజయవాడలో ఆయన వాయించిన కచేరీలు వందల్లో ఉంటాయి. తీరా ఇంట్లో వెతికితే గాయకుడి వెనక ఆయన చెయ్యి మాత్రమే కనిపించే ఫోటోలు నాలుగైదు దొరికాయి. 2020లో లాక్‌డౌన్ వల్ల హాళ్ళు మూతపడినప్పుడు ఒక సంగీత సభవారు కచేరీలను తమ వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టారు. అందులో ఒకదానిలో, జీవితంలో మొదటిసారి, మృదంగం ఒక్కటే వినిపించే తని ఆవర్తనం మొదలైనప్పుడు కెమెరా బాబాయి వైపు తిరిగి, చివరి దాకా ఆయన వేళ్ళ మీదనే నిలిచింది. ఆ కెమెరా పట్టుకున్న మనిషెవరో నాకు తెలియదు, ఆయనకు దణ్ణం పెట్టుకున్నాను.

ఆ రోజే నేను జాగ్రత్తపడ్డాను కూడా. బ్రౌజర్‌లో కంట్రోల్, ఎస్ రెండూ కలిపి నొక్కి పేజీ మొత్తాన్ని కంప్యూటర్‌లోకి దించి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి, బాబాయి పేరు రాసి బీరువాలో పెట్టాను. 2021లో ఆయన పోయారు. సంవత్సరీకాల నాడు నలుగురం కూర్చుని ఆ కచేరీ చూద్దామని పెన్‌డ్రైవ్ తీసి పెడితే, పేజీ తెరుచుకుంది, సభ పేరు వచ్చింది, కళాకారుల పేర్లు వచ్చాయి, బాబాయి పేరులో అచ్చుతప్పు కూడా యథాతథంగా వచ్చింది. వీడియో ఉండవలసిన చోట మాత్రం ఒక నల్లటి ఖాళీ పెట్టె ఉంది. తాళం వేసి గొళ్ళెం మరిచినట్టయింది నా పని. వెంటనే అసలు సైటు తెరిచి చూస్తే అక్కడా అదే పెట్టె. సభవారిని అడిగితే, వీడియోలు తమ దగ్గర ఉండవని, వేరే కంపెనీ సర్వర్‌లో ఉండేవని, ఏడాది చందా కట్టకపోవడంతో పోయాయని చెప్పారు. పాపం, వాళ్ళ తప్పని కూడా అనలేను. హాలు అద్దెకే వెతుక్కునే సంస్థ అది.

చివరికి పిన్ని వాళ్ళ పక్కింటి అమ్మాయి తన ఫోనులో స్క్రీన్ రికార్డింగ్ చేసుకున్న నాలుగు నిమిషాల ముక్క ఒకటి దొరికింది. బాబాయి మిశ్రగతి అనే నడక అందుకున్న చోట, సరిగ్గా ఆయన వేళ్ళ మీదుగా, గ్యాస్ సిలిండర్ బుక్ అయిందన్న మెసేజ్ వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోతుంది. మాకు మిగిలింది అదే. పిన్ని ఆ మెసేజ్‌తో సహా దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

పేజీలో వీడియో లేదు, కిటికీ ఉంది

ఆ ఖాళీ పెట్టె ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. మనం ఒక వెబ్‌సైటులో చూసే వీడియో చాలాసార్లు ఆ సైటులో ఉండదు. మన గోడకు కిటికీ పెట్టి పక్కవాళ్ళ ఇంట్లో వెలిగే దీపాన్ని చూపించడం లాంటి ఏర్పాటు అది. నేను గోడను జాగ్రత్తగా ఊడదీసి బీరువాలో పెట్టుకున్నాను, దీపం మాత్రం పక్కింట్లోనే ఉండిపోయింది.

ఇంకో సంగతి, ఆ పక్కింట్లో కూడా వీడియో ఒకే ఫైలుగా ఉండకపోవచ్చు. ఒకప్పుడు బ్రౌజర్‌లో వీడియోలు ఆడించడానికి ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది. 2020 డిసెంబరు 31తో దానికి కాలం చెల్లింది. అంతకు చాలా ముందే, 2009లో ఆపిల్ కంపెనీ వీడియో పంపడానికి హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతిని తెచ్చింది. 2012లో డాష్ అనే మరో పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది. రెండింటి కిటుకూ ఒక్కటే: వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా తరిగి, ఏ ముక్క తర్వాత ఏ ముక్క తెచ్చుకోవాలో చెప్పే ఒక జాబితాను ముందుగా పంపిస్తారు. హెచ్‌ఎల్‌ఎస్ జాబితా పేరు చివర ఎం3యూ8 అని, డాష్ జాబితా చివర ఎంపీడీ అని ఉంటుంది. ఆరు సెకన్లకు ఒక ముక్క చొప్పున లెక్క వేస్తే మూడు గంటల పెళ్ళి పద్ధెనిమిది వందల ముక్కలవుతుంది. నెట్ బాగుంటే స్పష్టమైన ముక్కలు, బాగా లేకపోతే మసక ముక్కలు తెచ్చుకోవడానికి వీలుగా ఒకే వీడియోకు మూడు నాలుగు నాణ్యతల్లో జాబితాలు ఉంటాయి. కుడి బటన్ నొక్కి వీడియోను సేవ్ చేద్దామంటే కుదరకపోవడానికీ, చిరునామా స్థానంలో బ్లాబ్ అనే అర్థంకాని మాట కనిపించడానికీ కారణం ఇదే. బ్రౌజర్ ముక్కలను అప్పటికప్పుడు అతికించి చూపిస్తుందే తప్ప, పట్టుకుపోవడానికి అక్కడ ఫైలంటూ ఒకటి ఉండదు.

కాబట్టి వెతకవలసింది వీడియోను కాదు, ఆ జాబితాను. కంప్యూటర్ బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే డెవలపర్ల కోసం ఉంచిన గది ఒకటి తెరుచుకుంటుంది. అందులో నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లో బ్రౌజర్ ఏ క్షణాన ఎవరిని ఏమి అడుగుతున్నదో వరుసగా కనిపిస్తుంది. ముందు ఆ ట్యాబ్ తెరిచి, తర్వాత పేజీని మళ్ళీ తెరిపించి, అప్పుడు వీడియో ఆడించాలి. ఈ వరుస తప్పితే జాబితా అప్పటికే వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది, ఎంత వెతికినా దొరకదు. ఈ ఒక్క విషయం తెలియక నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. వడపోత గడిలో ఎం3యూ8 అని కొడితే ఆ జాబితాల వరుసలే మిగులుతాయి. వాటిలో మొదటిదాని చిరునామా తీసుకుని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనానికి ఇచ్చి, ఉన్నదున్నట్టు కాపీ చేయమని చెబితే, అది ముక్కలన్నీ తెచ్చి, నాణ్యత ఏమాత్రం తగ్గకుండా, ఒకే ఫైలుగా కుడుతుంది. వైటీ-డీఎల్‌పీ అనే ఉచిత సాధనానికి చాలా సైట్ల విషయంలో పేజీ చిరునామా ఒక్కటి ఇస్తే చాలు, జాబితాను అదే వెతుక్కుంటుంది. కొన్ని చిరునామాలకు కొద్ది గంటలే ఆయుష్షు, తర్వాత అవి పనిచేయవు. మరికొన్ని సర్వర్లు "నువ్వు ఏ పేజీ నుంచి వస్తున్నావు" అని అడిగి, సరైన పేజీ పేరు చెబితేనే లోపలికి రానిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకని గూగుల్‌లో వీడియో డౌన్‌లోడర్ అని వెతికితే మాత్రం ప్రమాదం. ఆ సైట్లలో పది డౌన్‌లోడ్ బటన్లుంటే తొమ్మిది ప్రకటనలే, పదోది ఏదో మనకు తెలియదు. బ్రౌజర్‌కు తగిలించుకునే కొన్ని ఎక్స్‌టెన్షన్లయితే మనం తెరిచే ప్రతి సైటులోని సమాచారాన్నీ చదివే అనుమతి అడుగుతాయి. ఒక పెళ్ళి వీడియో కోసం బ్యాంకు పేజీ కూడా చూపించడమన్నమాట.

క్యాసెట్ల కాలపు న్యాయం

ఇక మేనల్లుడి ప్రశ్నకు వస్తాను. నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ ముక్కలు ఒక్కొక్కటిగా వచ్చి పడటం కళ్ళతో చూసినవాడికి ఒక విషయం బోధపడుతుంది. చూడటానికీ దించుకోవడానికీ మధ్య మనం అనుకునేంత గోడ లేదు. చూడాలంటేనే ఆ పద్ధెనిమిది వందల ముక్కలూ నా కంప్యూటర్‌లోకి దిగాలి. దిగినవాటిని పారేయడమా, ఉంచుకోవడమా అన్నదే తేడా. పంపినవాడు నాకు పంపాడు, నేను అందుకున్నాను, నా యంత్రం చింపి పారేస్తోంది. చింపవద్దు అని దానికి చెప్పడాన్ని దొంగతనమనడానికి నాకు మనసొప్పదు.

బాబాయి తరంలో ఈ సందేహమే లేదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇళ్ళలో మూడు తరాల చెవులు దాని దగ్గరే పెరిగాయి. ఉదయం భక్తిరంజనిని, రాత్రి కచేరీలను రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి ఎక్కించుకోనివాడు మా బంధువుల్లో సంగీతం తెలిసినవాడిగా చెలామణీ కాలేదు. అమెరికాలో సోనీ బీటామాక్స్ వీడియో రికార్డర్ మీద సినిమా కంపెనీలు దావా వేస్తే, టీవీ కార్యక్రమాన్ని తర్వాత తీరిగ్గా చూసుకోవడం కోసం ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనని 1984లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు ఔనని, నలుగురు కాదని తీర్పు చెప్పింది. తొమ్మిది మంది న్యాయమూర్తులే అంత దగ్గరగా చీలిపోయిన విషయంలో మేనల్లుడికీ నాకూ మాట కలవకపోవడం వింత కాదు.

మన చట్టం మాటకొస్తే, 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకం కోసం, పరిశోధన కోసం చేసుకునే సముచిత వినియోగాన్ని ఉల్లంఘనగా చూడదు. 2012 సవరణ తర్వాత ఈ మినహాయింపు సినిమాలకూ, సౌండ్ రికార్డింగులకూ వర్తిస్తుంది. సముచితం అంటే ఎంత అన్న కొలత మాత్రం చట్టంలో రాయలేదు. పెళ్ళి వీడియోను తెనాలి అత్తయ్యకు పంపడం సముచితం కాదనే న్యాయమూర్తి ఉంటారని నేను అనుకోను.

మేనల్లుడు ఇక్కడ ఒక మంచి మాట అన్నాడు. "క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కిస్తే గొంతు చిక్కిపోయేది మామయ్యా, మూడో కాపీకి ఎవరూ వినేవారు కాదు. మీరు దించేది అసలుతో సమానం. వెయ్యో కాపీ కూడా అంతే" అన్నాడు. నిజమే. అరుగుదలే ఆనాటి కాపలాదారు. ఇప్పుడు ఆ కాపలా నేనే కాయాలి. ఈ మాట విన్నప్పుడు తల ఊపాను కానీ, దాని బరువు తెలిసింది తర్వాత.

తాళం ఎక్కడ మొదలవుతుంది?

నేను తాళం లేని వీడియో అంటున్నాను కదా, తాళం అంటే ఏమిటో చెప్పకపోతే నా వాదం గాలిలో నిలబడుతుంది. పెద్ద ఓటీటీల్లో వైడ్‌వైన్ వంటి వ్యవస్థలుంటాయి. ముక్కలు రావడం వస్తాయి కానీ సంకేతభాషలో వస్తాయి, వాటిని విప్పే తాళంచెవి మన చేతికి చిక్కకుండా బ్రౌజర్ లోపలే ఉంటుంది, స్క్రీన్ రికార్డింగ్ చేస్తే చాలాసార్లు నల్లటి తెరే పడుతుంది. ఇది నిస్సందేహంగా తాళం. 2012 సవరణతో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం, హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి తాళాన్ని దాటితే రెండేళ్ళ వరకు జైలు, జరిమానా. ఉద్దేశం అన్న మాట అక్కడ ఉండటం విశేషమే అయినా, దాని మీద ఆధారపడి తాళం పగలగొట్టే ధైర్యం నాకు లేదు, ఇష్టమూ లేదు.

అన్ని చోట్లా ఇంత స్పష్టత ఉండదు. హెచ్‌ఎల్‌ఎస్‌లోనే మామూలు సంకేతీకరణ ఒకటుంది. అందులో చెవి ఎక్కడుందో జాబితాలోనే రాసి ఉంటుంది, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ దాన్ని తీసుకుని తనంతట తానే విప్పేస్తుంది. తాళం వేసి చెవిని గుమ్మం మీదే పెట్టి వెళ్ళినట్టు. అది తాళమా కాదా? ఏ పేజీ నుంచి వచ్చావని అడిగే సర్వర్‌కు పేజీ పేరు చెప్పడం అబద్ధమా కాదా? రెండోదాన్ని వాచ్‌మన్ అడిగిన ప్రశ్నగానే చూస్తాను, నిజంగానే ఆ పేజీ నుంచే వచ్చాను కనుక జవాబు చెబుతాను. మొదటిదాని దగ్గర మాత్రం, డబ్బు తీసుకుని చూపించే సైటయితే, నా చెయ్యి ఆగిపోతుంది. ఇక యూట్యూబ్ సంగతి వేరు. అక్కడ తాళం కంటే ముందు ఒప్పందం ఉంది, వాళ్ళు అనుమతించిన మార్గంలో తప్ప దించుకోకూడదని షరతుల్లోనే రాశారు. అందుకే అక్కడివి దించను. ఆ షరతు నాకు నచ్చిందని కాదు, ఒప్పుకుని లోపలికి వెళ్ళాను కాబట్టి.

సాధనాన్నే నేరస్థుణ్ణి చేయడం మాత్రం నేను ఒప్పుకోను. వైటీ-డీఎల్‌పీకి తల్లివేరైన యూట్యూబ్-డీఎల్‌ను అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు మీద 2020 అక్టోబరులో, ప్రోగ్రాములు దాచిపెట్టే గిట్‌హబ్ అనే సైటు తొలగించి, నవంబరులో తానే తిరిగి పెట్టింది. కత్తిపీట ప్రతి వంటింట్లోనూ ఉంటుంది.

నేను గీసుకున్న ఈ గీత నన్నే ఇబ్బంది పెట్టిన సందర్భం ఒకటి చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మా పై వాటాలో అద్దెకుండే కుర్రాడు పోటీ పరీక్షల కోసం ఒక కోచింగ్ సంస్థకు ఏడాది కోర్సుకు డబ్బు కట్టాడు. పరీక్ష వాయిదా పడింది, కోర్సు గడువు మాత్రం వాయిదా పడలేదు. గడువుకు వారం ముందు లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, "అంకుల్, పాఠాలు దించి ఇవ్వగలరా, పరీక్ష అయ్యాక తీసేస్తాను" అన్నాడు. చూస్తే తాళం వేసినవి. కుదరదని చెప్పాను. వాడు డబ్బు కట్టాడు, వాడి అవసరం న్యాయమైనది, మోసపోయినవాడెవడైనా ఉంటే వాడే. ఏ పైసా కట్టని పెళ్ళి వీడియోను చకచకా దించిన చేతులు, డబ్బు కట్టినవాడి పాఠాల దగ్గర ముడుచుకున్నాయి. ఇందులో న్యాయం ఉందని నేను వాడి ముఖం చూసి చెప్పలేకపోయాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఆ సంస్థకు గడువు పెంచమని ఉత్తరం రాశాం, రెండు నెలలు పెంచారు. పెంచకపోయి ఉంటే ఏం చేసేవాణ్ణో ఇప్పటికీ తేల్చుకోలేదు.

గుమ్మం దాటిన కాపీ

బాబాయి వీడియో పోయిన తర్వాత నాకు ఒక రోగం పట్టుకుంది. మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల సభలూ, చిన్న సంగీత సంస్థలూ తమ సైట్లలో పెట్టిన కచేరీలు కనిపిస్తే చాలు, దించి హార్డ్‌డిస్క్‌లో పడేసేవాణ్ణి. వాటిలో సగం ఇప్పుడు నెట్‌లో లేవు. ఒక మృదంగ విద్వాంసుడి కుమారుడికి తండ్రి వాయించిన గంటన్నర కచేరీ నా దగ్గర దొరికినప్పుడు ఆయన ఫోనులో మాట రాక కాసేపు ఊరుకున్నారు. అలాంటి సాయంత్రాల్లో నా అలవాటు నాకు ధర్మంలా కనిపించేది.

పోయిన వేసవిలో ఒక అమ్మాయి ఫోను చేసింది. ఏడెనిమిదేళ్ళ క్రితం, పదిహేనేళ్ళ వయసులో, ఒక పోటీలో పాడిందట. చరణంలో గొంతు పట్టేసి, మధ్యలో ఆపి, ఏడ్చి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పోటీ నిర్వాహకులు మొత్తం కార్యక్రమాన్ని తమ సైటులో పెట్టారు, ఆమె తండ్రి అడిగితే తీసేశారు. ఇప్పుడు ఆమె కచేరీలు చేస్తోంది. ఎవరో ఆ పాత ముక్కను వాట్సాప్ గ్రూపులో వేసి నవ్వుకున్నారట. అది నా దగ్గర ఉన్నట్టు ఎవరో చెప్పారు, నిజమేనా అని అడిగింది. నిజమే. నేను ఆ కార్యక్రమాన్ని దించింది పక్కవాద్యం కోసం, ఆ అమ్మాయి పాడిన సంగతే నాకు గుర్తులేదు.

పోగొట్టుకున్నవాడి బాధ తెలుసు కాబట్టి దాచడమే మంచిదని ఇన్నాళ్ళు అనుకున్నాను. వద్దని తీయించుకున్నవాళ్ళు కూడా ఉంటారని ఒక్కసారీ ఆలోచించలేదు. ఖాళీ పెట్టె కనిపించిన ప్రతిచోటా చందా కట్టని సంస్థే ఉంటుందని ఎందుకనుకున్నాను? కొన్ని ఖాళీలు కావాలని చేసినవి. బయటి నుంచి చూసేవాడికి రెండూ ఒకే నలుపు.

ఆమెతో మాట్లాడుతూనే నా ఫైలు తీసేశాను. నా హార్డ్‌డిస్క్ నుంచి వాట్సాప్‌కు దారి ఎలా పడిందన్నది మిగిలింది. దాన్ని నేను ఒక్కరికే ఇచ్చాను, విజయవాడ సత్యనారాయణపురంలో ఉండే మిత్రుడికి, సంగీతం మీద ప్రాణం పెట్టే మనిషికి, మూడేళ్ళ కిందట పెన్‌డ్రైవ్ నిండా కచేరీలు వేసి ఇచ్చాను. మర్నాడు బస్సెక్కి వెళ్ళాను. ఆయన నొచ్చుకున్నారు, నేనేనాడూ ఏ గ్రూపులోనూ పెట్టలేదండీ అన్నారు, నా ముందే ఆ ఫైలు తీసేశారు. కాఫీ ఇచ్చారు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, "మా బావమరిది అడిగితే ఓసారి ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చానండీ, వాడు కాపీ చేసుకున్నాడేమో" అన్నారు.

బావమరిది నంబరు రాసుకుని గుంటూరు బస్సెక్కాను. మర్నాడు తెనాలి అత్తయ్యకు ఫోను చేసి, పెళ్ళి పెన్‌డ్రైవ్ ఎవరికైనా ఇచ్చావా అని అడిగాను. "నలుగురికీ ఇచ్చానురా, మంచి పెళ్ళి కదా" అంది.